బొక్కల కుండలో బదనిక

కుమ్మరి భిక్షం మంచివాడని రాళ్ళచెలకలో ఎవరూ ఎన్నడూ అనలేదు. కుండ కోసం పోయిన ఆడవాళ్ళు కుండతో పాటు నాలుగు తిట్లు కూడా నెత్తిన పెట్టుకుని వచ్చేవారు. ఎవరైనా కుండను వేలితో కొట్టి చూస్తే, "మోగుతదా లేదా అని చూస్తున్నవా? నీ మొగుని నెత్తి మీద కొట్టి చూడు, మంచిగ మోగుతది" అనేవాడు. అయినా ఆ ఊరికీ, చుట్టుపక్కల మూడు ఊళ్ళకూ అతని కుండే దిక్కు. వైశాఖంలో కూడా అందులో నీళ్ళు చల్లగా ఉండేవి కాబట్టి జనం ఆ నోటిని భరించారు.

దేవరకొండ తాలూకాలో, కృష్ణ వైపు అడవికి ఆనుకుని ఉన్న ఊరది. జొన్న, ఆముదం, మిగిలినదంతా రాళ్ళు. పైన గడీలో దొర, ఆయన కింద వెట్టి. అలాంటి చోట మనుషుల నోళ్ళు తియ్యగా ఉండాలని కోరుకోవడం మన అత్యాశ.

ఇట్లాంటి మనిషి పూలమొక్కలు పెంచాడంటే నమ్మబుద్ధి కాదు. నిజం చెప్పాలంటే ముచ్చటపడి మొదలుపెట్టిన పని కాదది. పంతం పట్టి మొదలుపెట్టాడు.

ఒక ఎండాకాలం కుండలు కాల్చే ఆవానికి కట్టెల కోసం అడవికి పోయి, ఎండిపోయిన ఇప్ప కొమ్మలు కొట్టుకొచ్చాడు. అందులో ఒక మొద్దుకు దళసరి ఆకుల మొక్క ఒకటి కరుచుకుని ఉంది. చూడకుండానే కట్టెల కుప్ప మీద పడేశాడు. రెండు నెలలు గడిచాయి. పెరట్లో పొట్లపాదు మాడిపోయింది, బావిలో నీళ్ళు అడుగంటాయి. ఆ మొక్క మాత్రం పచ్చగానే ఉంది. భిక్షం మొద్దును తిప్పి చూశాడు. మొద్దు చచ్చి ఏడాదైనా అయుంటుంది. మొక్క వేర్లు దాని లోపలికి ఎక్కడా దిగలేదు. బెరడును పట్టుకుని, సగం గాలిలో వేలాడుతున్నాయి. తిండి లేదు, నీళ్ళు లేవు, మన్ను లేదు. తను పొద్దుందాకా మన్ను పిసికితేగానీ గటక దొరకదు, దీనికి ఏమీ లేకుండా బతుకు నడుస్తోంది! అతనికి ఒళ్ళు మండింది.

"ఎన్నొద్దులు బతుకుతవో నేను గూడ చూస్త" అని దాన్ని ఊడదీసి, ఉట్టి తాడుతో చూరుకు కట్టి వదిలేశాడు.

అది చావలేదు. మృగశిర వానలకు తెల్లటి కొత్త వేర్లు వేసింది. మరుసటి ఎండాకాలం ఆకుల సందులోంచి ఒక కాడ వచ్చి, దాని నిండా మొగ్గలు పట్టి, ఒక పొద్దున పూసింది. పసుపు రేకుల మీద గోధుమ రంగు గళ్ళు, నడుమ వంకాయ రంగు నాలుక. వాసన ఇంటి ముందు నుంచి సందు మలుపు దాకా పోయింది. భిక్షం దాని కింద కూర్చున్నవాడు పొద్దెక్కినా లేవలేదు. ఆ రోజు సారె తిరగలేదు. జ్వరమొచ్చిందేమోనని భార్య రామమ్మ వచ్చి నుదురు ముట్టి చూస్తే, "చెయ్యి తియ్యి, వాసన ఆపుతున్నవ్" అని కసిరాడు.

తరువాత అడవికి పోయినప్పుడల్లా పడిపోయిన కొమ్మల మీద వెతికి ఒకటీ రెండూ తెచ్చుకున్నాడు. చెట్టు మీద ఉన్నవాటి జోలికి పోలేదు. మొదట తెచ్చినవాటిలో మూడింటిని తెలివితక్కువతనంతో మట్టిలో నాటాడు. నెల తిరిగేసరికి వేర్లు కుళ్ళి కంపు కొట్టాయి. అతనికి పట్టరాని కోపం వచ్చింది, తన మీదే. అప్పుడు కుమ్మరి బుర్ర పనిచేసింది. చిన్న కుండ ఒకటి సారె మీద తీసి, పచ్చిగా ఉండగానే చుట్టూ వేలితో బొక్కలు పొడిచి కాల్చాడు. అందులో చిల్లపెంకులు, ఆవంలో మిగిలిన బొగ్గులు నింపి మొక్కను నిలబెట్టాడు. పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోయాయి, లోపలికి గాలి ఆడింది. వేర్లు బొక్కల్లోంచి బయటికి వచ్చి కుండనే కౌగిలించుకున్నాయి. ఉత్తరపు చూరు కింద పెడితే ఆకులు పెరుగుతాయి కానీ పువ్వు రాదని, తూర్పున ఏటవాలు ఎండ తగిలితే వస్తుందని రెండేళ్ళు చూసి తెలుసుకున్నాడు. పొద్దున్నే చెయ్యి ముంచి నీళ్ళు చిలకరించేవాడు. తెల్లటి వేరు తడవగానే ఆకుపచ్చగా మారుతుంది. అది చూడటానికి అతను కళ్ళు కడుక్కోకముందే చూరు కిందికి వచ్చేవాడు.

"నీళ్ళు కారిపోయే కుండ చేసే కుమ్మరిని నా బతుకుల చూడలె. చూసుడే గాదు, కట్టుకున్న గూడ" అని రామమ్మ వాకిలి ఊడ్చినప్పుడల్లా అనేది. ఊరికి ఆ బొక్కల కుండలు మంచి తమాషా అయ్యాయి. పక్కింటి నర్సింగమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె అత్తకు మోకాళ్ళ నొప్పులు. ఆ మొక్క వేరు నూరి కడితే తగ్గుతుందని ఎవరో చెబితే వచ్చి అడిగింది. "మీ అత్త కాళ్ళు పోతె కొత్త అత్త రాదుగని, గీ వేరు పోతె నా మొక్క పోతది" అన్నాడు భిక్షం. ఆ మాట ఆమె మరచిపోలేదు. ఎవరైనా ఎందుకు మరచిపోతారు?

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. పరాయి చెట్టు మీద మొలిచే మొక్కను అక్కడ బదనిక అంటారు. మామిడి మీద పెరిగే బదనిక కొమ్మలోకి వేరు దించి, రసం తాగి, చివరికి ఆ కొమ్మనే ఎండబెడుతుంది. రైతు కంటపడితే దాన్ని నరికేదాకా నిద్రపోడు. భిక్షం పెంచేది అది కాదు. ఇది బెరడు మీద ఊరికే కూర్చుంటుంది. గాలీ, వానా, ఇంత దుమ్మూ చాలు. కానీ ఊరికి రెండూ బదనికలే. భిక్షానికీ అంతే. వేర్లన్నీ తిరగేసి చూసినవాడికి, ఎండా నీడా లెక్కపెట్టినవాడికి, తన మొక్కకు వేరే పేరు పెట్టుకోవాలని మాత్రం తట్టలేదు. ఆ ఒక్క తప్పుకు అతను చాలా అనుభవించాడు.

పంతొమ్మిది వందల నలభై ఏడు చివర్లో, దొరల మీద తిరగబడ్డ సంఘం దళాలకు జడిసి దొర పెళ్ళాం పిల్లలతో పట్నం పారిపోయాడు. ఊళ్ళో సంఘం లేచింది. నర్సింగమ్మ కొడుకు సాయిలు దానికి పెద్ద. ఒక సాయంత్రం గడీ ముందు మీటింగు పెడితే ఊరంతా పోయింది, భిక్షం కూడా పోయి వెనక నిలబడ్డాడు. దళం నుంచి వచ్చిన మనిషి బాగా మాట్లాడాడు. "చెట్టు మీద బదనిక చూసిండ్రా? వేరు దించుతది, రసం గుంజుతది, చెట్టును సంపుతది. మీ దొర బదనిక! పీకి పారేసుడే మన పని!" అన్నాడు. జనం ఈలలు వేశారు. తరతరాలుగా కాల్మొక్త అన్న నోళ్ళకు దొరను అనడానికి ఒక మాట దొరికింది. పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ "దొర బదనిక" అని అరిచి, విరగబడి నవ్వారు.

ఆ నవ్వుల్లో ఎవడో, "బదనికలు పెంచేటోడు మన ఊర్లనే ఉన్నడు గద!" అన్నాడు. నవ్వు ఇంకా పెద్దదైంది. భిక్షం అందరినీ తిట్టుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లవారి పదిమంది వచ్చారు, సాయిలు ముందు. వాళ్ళ వెనక చూడవచ్చినవాళ్ళు ఇరవై మంది. అందులో నర్సింగమ్మ కూడా ఉంది. చూరుకు అప్పటికి ఏడు కుండలు వేలాడుతున్నాయి. భిక్షం ఆవం కట్టెలు ఎగదోసే పొడుగు గునపం పట్టుకుని అడ్డం నిలబడ్డాడు.

"జర పక్కకు జరుగు మామా. ఊరంత ఒక మాట అనుకున్నంక నీ ఇంటి మీద గిది ఉంటె ఏం బాగుంటది?" అన్నాడు సాయిలు.

"గిది ఎవని రసం తాగింది? ఇటు రా, చూడు! పెంకును పట్టుకున్నది. పెంకుల రసముంటదార? నీ కండ్లు ఏడ పెట్టుకున్నవ్?"

సాయిలు వంగి చూశాడు. వేర్లు నిజంగానే పెంకును పట్టుకుని ఉన్నాయి. అతను తెలివిగలవాడే, చూసింది అర్థమైంది కూడా. కానీ వెనక అంతమంది ఉన్నారు.

"అయితె బదనిక అని ఎందుకంటరు?" అన్నాడు.

"పేరు చూసి నరుకుతరార? రేపు నా పేరు చూసి నన్ను నరుకుతరా?" అని భిక్షం అరిచాడు. ఇద్దరు గునపం పట్టుకున్నారు. మిగిలినవాళ్ళు నాలుగు కుండలు తెంపి, మండుతున్న ఆవంలో వేశారు. పచ్చి ఆకులు చిటచిటమన్నాయి. మిగతా మూడింటి కింద భిక్షం చేతులు చాపి నిలబడి, తిట్టని తిట్టు లేకుండా తిడితే, విసుగొచ్చి పోయారు.

ఆనాటి నుంచి సంఘమంటే అతనికి పడలేదు. వెట్టి పోయిందని ఊరు సంబరపడుతుంటే అతను మూతి ముడుచుకుని సారె తిప్పాడు. దళానికి కుండ కావాలంటే రామమ్మ చాటుగా ఇచ్చేది. సాయిలు ఎదురైతే భిక్షం పక్కకు తిరిగి ఉమ్మేవాడు.

మరుసటి ఏడు యూనియన్ మిలట్రీ వచ్చింది, నిజాం లొంగిపోయాడు, రజాకార్ల పీడ వదిలింది. వెనకనే దొర కూడా వచ్చాడు. పారిపోయేటప్పుడు గాంధీ టోపీ లేదు, వచ్చేటప్పుడు ఉంది. గడీ పక్కన మిలట్రీ క్యాంపు పడింది. సాయిలు అడవిలోకి పోయాడు. క్యాంపుకు తీసుకుపోయినవాళ్ళలో కొందరు కుంటుకుంటూ వచ్చారు, ఇద్దరు రాలేదు. ఊరు నోరు కుట్టేసుకుంది.

భిక్షం మాత్రం భయపడలేదు. "నాకేం ఫికరు? నేను సంగపోల్లతోని కొట్లాడినోన్ని" అన్నాడు రామమ్మతో. అతని ధ్యాసంతా వేరే చోట ఉంది. మిగిలిన మూడింటిలో ఒకటి, నాలుగేళ్ళుగా ఆకులే తప్ప పువ్వు చూపించనిది, ఆ తరువాతి చైత్రంలో మొగ్గల కాడ తీసింది. పదకొండు మొగ్గలు. మిగతావాటి మొగ్గల కంటే ఇవి లేతగా, తెల్లబారుతున్నట్టు ఉన్నాయి. ఏ రంగు పూస్తుందో అంతుబట్టలేదు. అతను రోజూ పొద్దున లేచి వాటిని చూసేవాడు. నాలుగేళ్ళు కాచుకున్నవాడికి నాలుగు రోజులు ఆగడం కష్టమైపోయింది. ఐదో రోజు పొద్దున అన్నిటికంటే కింది మొగ్గ కొనలో సన్నగా పగిలింది. సాయంత్రానికి విచ్చుకుంటుందని లెక్కవేశాడు.

ఆ పొద్దునే దొర వాడ మీదికి వచ్చాడు. పక్కన తెలుగు రాని హవల్దారు, వెనక ఆరుగురు సిపాయిలు. ఇళ్ళలోంచి అందరినీ బయటికి పిలిచి వెంట తిప్పుకుంటున్నారు. ముందు నర్సింగమ్మ ఇంటికి పోయారు. "కొడుకు ఏడున్నడో చెప్పు" అని గుమ్మిలోని జొన్నలు తీసి వాకిట్లో దుమ్ములో పోయించాడు దొర. ఆమె చెప్పలేదు. తరువాత క్యాంపుకు నీళ్ళకుండలు కావాలని భిక్షం ఇంటి ముందు ఆగారు.

భిక్షం చేతులు కట్టుకుని బయటికి వచ్చాడు. దొర చూపు చూరు మీద పడింది.

"ఏందిర గది?"

"బదనిక, దొర."

చెప్పినవాడికి అందులో తప్పేమీ తోచలేదు. విన్న ఊరికి మాత్రం గుండె జారింది. రామమ్మ గుమ్మంలోనే నిలబడి కళ్ళు మూసుకుంది. గడీ ముందు ఊరంతా ఏమని అరిచి నవ్విందో దొరకు పట్నంలోనే తెలిసింది. తెలిసినప్పటి నుంచీ ఆ మాట ఆయన కడుపులో పుండులా ఉంది.

"మల్లొక్కసారి చెప్పు."

"బదని..." భిక్షం అప్పుడు ఆగాడు.

"నన్ను తాడు కట్టి చూరుకు ఉరేసినవారా? ఇంటి ముంగట? దినాం చూసుకొని సంబరపడుతున్నవా?"

"మీరు గాదు దొర, గిది మొక్క. సంగపోల్లు గీటిని పీకవస్తె నేనే గునపం పట్టుకొని నిలబడ్డ. నాలుగు కాలవెట్టిండ్రు. ఊరంత చూసింది. కావాల్నంటె అడుగుండ్రి."

దొర వెనక్కి తిరిగాడు. "ఎవరు చూసిండ్రు? ముంగటికి రాండ్రి. ఎవరు పీకిండ్రు, ఎవరు చూసిండ్రు, చెప్పుండ్రి."

ఎవరూ కదల్లేదు. చూశానన్నవాడు ఆనాటి గుంపులో ఉన్నట్టే. ఉన్నవాడు దొర లెక్కలో సంఘం వాడే. భిక్షం ఒక్కొక్కరి మొహం చూసుకుంటూ పోయాడు. కుండలు తెంపినవాళ్ళలో ముగ్గురు అక్కడే ఉన్నారు. నర్సింగమ్మ కాలి వేళ్ళ వైపు చూస్తోంది. "చెప్పవేందే నర్సింగమ్మా? నువ్వు లేవా గాడ?" అన్నాడు. ఆమె తల ఎత్తలేదు. అతను చెప్పినదాంట్లో ప్రతి మాటా నిజం. దానికి సాక్ష్యం ఊరంతా ఉంది. ఒక్క నోరు లేవలేదు.

దొరకు నవ్వొచ్చింది. "సరే. నీ చేత్తోనే తెంపు. కింద పడేసి తొక్కు. తొక్కినంక నాకు దండం పెట్టి లోపటికి పో. విడిచిపెడ్త."

భిక్షం మొదటి కుండ తాడు విప్పాడు. కింద పడి పగిలింది. కాలితో తొక్కాడు. రెండోది కూడా అట్లాగే. మూడోదాని తాడు మీద చెయ్యి వేశాడు. పగిలిన మొగ్గ కళ్ళకు ఎదురుగా ఉంది, లోపల తెల్లగా ఏదో కనిపిస్తోంది. చెయ్యి తాడు మీదే ఉండిపోయింది.

"తెంపు అయ్యా. నీ కాల్మొక్త, తెంపు" అంది రామమ్మ ఏడుస్తూ.

భిక్షం తాడు వదిలేసి దొర వైపు తిరిగాడు.

"గిది ఎవల్దీ తినదు దొర. ఎవల రసం తాగదు. గాలి తిని బతుకుతది. సంగపోల్లు మిమ్ముల బదనిక అన్న దినం నాకు మస్తు కోపమొచ్చింది. గీ మొక్క ఏం పాపం చేసిందని దీనికి గంత మాట అన్నరు?"

వెనక ఎక్కడో ఒక ఆడమనిషి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగక నవ్వు బయటికి వచ్చేసింది. ఇంకెవరో దగ్గు నటించారు.

"క్యా బోలా?" అని, భిక్షం ఏమన్నాడో అడిగాడు హవల్దారు.

దొర మొహం నల్లబడింది. తెలుగులో ఊరంతా విన్న మాటను ఉర్దూలో తన నోటితో తనే చెప్పుకోవాలి. "కుఛ్ నహీ" అన్నాడు. ఏమీ అనకపోతే ఈయనకు అంత కోపమెందుకో హవల్దారుకు అర్థం కాలేదు కానీ, దొర చేసిన సైగ అర్థమైంది. వెనక నవ్విన నవ్వుకు కూడా దెబ్బలు భిక్షమే తిన్నాడు. ఆ మూడో కుండను దొరే స్వయంగా తెంపి, చెప్పుల కాళ్ళతో, మొగ్గలు నేలలో కలిసిపోయేదాకా తొక్కాడు. చెప్పులకు రసం అంటుకుంటే మెట్టుకు రాసి పోయాడు.

క్యాంపులో ఇరవై రోజులు, నల్లగొండ జైలులో పది నెలలు. ఏ నేరం మీద అని భిక్షం అడిగితే, సంఘం నాయకుడివని రాసి ఉందన్నారు. అతను జైలులో కూడా సంఘాన్ని తిట్టాడు. పక్కన పడుకున్న సంఘం వాళ్ళు అది పోలీసులను మోసం చేసే ఎత్తు అనుకుని మెచ్చుకున్నారు.

విడుదలై వచ్చేసరికి, క్యాంపులో విరిగిన కుడి మణికట్టు వంకరగా అతుక్కుంది. పెద్ద కుండ ఎత్తి దించలేడు. మూకుళ్ళు, ప్రమిదలు చేసేవాడు. ఊరు మాత్రం మారిపోయింది. దొర మొహం మీద అంత మాట అన్న మగాడు జిల్లాలో లేడని చెప్పుకుంటున్నారు. ఆనాడు కుండలు తెంపిన ఆ ముగ్గురూ వచ్చి, "మన భిక్షమన్న" అని చుట్టూ కూర్చున్నారు. చూరుకు ఉత్త తాళ్ళు వేలాడుతున్నాయి. భిక్షం వాటి వైపు చూశాడు, వాళ్ళ వైపు చూశాడు, పక్కనున్న మట్టినీళ్ళ ముంత ఎడమ చేత్తో ఎత్తి వాళ్ళ మీద కుమ్మరించాడు. ఊరు దాన్ని కూడా గొప్పగానే చెప్పుకుంది. పూర్తిగా అపార్థం చేసుకున్నవాళ్ళతో ఎవరు వేగగలరు?

ఆ ఏడు వానల ముందు సాయిలు అడవిలో మిలట్రీ తుపాకికి చచ్చిపోయాడని కబురు వచ్చింది. శవం ఇవ్వలేదు. నర్సింగమ్మ ఒక్కతే నడిచి, పశువుల కాపరులను అడిగి అడిగి, కొడుకు పడిపోయిన చోటు చూసి మూడో రోజు తిరిగి వచ్చింది. తిన్నగా తన ఇంటికి పోలేదు. భిక్షం గడప ముందు నిలబడింది. కొంగులో అక్కడి చెట్టు మీది బదనిక ఒకటి ఉంది, వేర్లు విరగకుండా బెరడుతో సహా ఊడదీసుకొచ్చింది.

భిక్షం బయటికి వచ్చాడు. మొక్కను చూశాడు కానీ చెయ్యి చాపలేదు.

"ఆ దినం నోరెందుకు తెర్వలె?"

"తెరిస్తె నా కొడుకు పేరు చెప్పాలె గద అన్న. వాడు దక్కుతడనుకున్న."

"దక్కిండా?"

"దక్కలె."

"మరి నోరు మూసుకొని ఏం సంపాయించినవ్?"

లోపల నుంచి రామమ్మ, "నీ నోరు పడిపోను, ఏం మాటలయ్యా అవి!" అని అరిచింది. నర్సింగమ్మ ఏడవలేదు. మొక్కను ముందుకు పట్టుకుని అట్లాగే నిలబడింది. భిక్షం ఎడమ చేత్తో దాన్ని అందుకుని వేర్లు తిప్పి చూశాడు. అంత దూరం మోసుకొచ్చినా ఒక్కటి నలగలేదు.

"దీంది తప్పు లేదు" అన్నాడు. మొక్కతో లోపలికి పోయి, ఆమె మొహం మీదే తలుపు వేసుకున్నాడు.